బెర్గ్‌మన్ ‘త్రూ ఎ గ్లాస్ డార్క్‌లీ’ (1961): ఆ చివరి సంభాషణ తండ్రిని తప్పించడానికేనా?

పాతరీలు
స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ తీసిన ఈ సినిమా చూసినప్పుడల్లా చివరి కొద్ది నిమిషాల దగ్గర నాకు మనసు విరుగుతోంది. మానసిక వ్యాధితో బాధపడుతున్న కారిన్‌ను హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తీసుకువెళ్ళిపోతారు. దేవుడు వస్తాడని మోకరిల్లి ఎదురుచూసిన ఆ అమ్మాయి, వచ్చిన దేవుడు సాలెపురుగులా కనిపించడంతో పెట్టిన కేకలు ఇంకా మన చెవుల్లో ఉండగానే, తండ్రి డేవిడ్, తమ్ముడు మైనస్ కిటికీ దగ్గర నిలబడి ప్రేమ గురించి మాట్లాడుకుంటారు. లోకంలో ప్రేమ ఉండడమే దేవుడికి రుజువని, బహుశా ఆ ప్రేమే దేవుడని తండ్రి చెబుతాడు. అలాగైతే మనమంతా అక్కను ప్రేమిస్తున్నాం కాబట్టి ఆమె చుట్టూ దేవుడే ఉన్నాడన్నమాట అని కొడుకు ఊరట పొందుతాడు. కూతురి జబ్బు నయం కాదని, అది ఎలా ముదురుతుందో గమనించి రాసుకోవాలన్న కోరిక తనకు కలుగుతోందని డైరీలో రాసుకున్న మనిషికి ఈ మాటలు చెప్పే అర్హత ఎక్కడిది? అంత నిర్దాక్షిణ్యంగా సినిమా తీసిన దర్శకుడు చివరికి ఆ తండ్రిని ఇంత సులభంగా ఎందుకు వదిలిపెట్టాడు?

ఒంటిగంట_ఆట
మన కుటుంబ కథాచిత్రాల చివర అందరినీ వరుసగా నిలబెట్టి ఇంటి పెద్ద చెప్పే నీతులను చిన్నప్పటి నుంచి భరించిన వాళ్ళకు ఈ స్వీడన్ తండ్రి మితభాషిగానే కనిపిస్తాడు.

సండేస్కూల్
ఆ సంభాషణ చివర తెచ్చి అతికించినది కాదని నా అభిప్రాయం. సినిమా పేరు బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలోనిది. ఆ అధ్యాయమంతా ప్రేమ గురించే. మన క్రైస్తవుల పెళ్ళి శుభలేఖల మీద తరచు కనిపించే ‘ప్రేమ శాశ్వతకాలముండును’ అన్న మాట కూడా అక్కడిదే. సినిమా పేరుకు మూలమైన, అద్దంలో చూసినట్టు మసకగా చూస్తున్నామన్న వాక్యం దానికి కొద్దిగా కిందనే వస్తుంది. కాబట్టి సినిమా ఎక్కడికి చేరబోతోందో బెర్గ్‌మన్ పేరులోనే చెప్పాడు. ఆయన తండ్రి లూథరన్ పాస్టరు కనుక ఈ వాక్యాలు ఆయనకు ఉగ్గుపాలతో వచ్చినవే.

ముక్కుసూటి
సండేస్కూల్ గారి మాట సరైనదే కావచ్చు గాని, పేరులో చెప్పినంత మాత్రాన ముగింపు నిజమైపోదు. తర్వాత తీసిన ‘వింటర్ లైట్’లో ఇదే మాటను బెర్గ్‌మన్ స్వయంగా ఎగతాళి చేశాడు. అక్కడ చర్చిలో ఆర్గన్ వాయించే బ్లూమ్ అనే మనిషి, పాస్టరు గారు ఒకప్పుడు చెప్పిన ‘దేవుడే ప్రేమ, ప్రేమే దేవుడు’ అన్న ప్రసంగాలను వెటకారంగా తిరగేసి చెబుతాడు. ఇంకో విషయం గమనించండి. ఈ సినిమాలో తండ్రిగా ఆ మాటలు పలికిన గున్నార్ బ్యోర్న్‌స్ట్రాండ్ చేతనే అక్కడ విశ్వాసం ఎండిపోయిన పాస్టరు వేషం వేయించాడు. తన ముగింపు మీద తనకే నమ్మకం లేదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నల్లమల
నేను ఇంకా సినిమా చూడలేదు. ఎవరైనా కథను నాలుగు ముక్కల్లో చెబితే ఈ వాదన నాకూ అందుతుంది.

మూడోవరుస
నల్లమల గారి కోసం కథ చెబుతాను, అందులోనే పాతరీలు గారికి జవాబు కూడా ఉంది.

బాల్టిక్ సముద్రంలో ఒక ద్వీపం, అక్కడ ఒక పాత వేసవి విడిది ఇల్లు, నలుగురు మనుషులు, దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ గడిచే కథ. కారిన్ ఆసుపత్రి నుంచి ఇటీవలే ఇంటికి వచ్చింది. భర్త మార్టిన్ వైద్యుడు. తండ్రి డేవిడ్ పేరున్న నవలా రచయిత, అప్పుడే స్విట్జర్లాండ్ నుంచి వచ్చాడు. తమ్ముడు మైనస్‌కు పదిహేడేళ్ళు, తండ్రి తనతో ఒక్కసారైనా మనసు విప్పి మాట్లాడాలని తహతహలాడుతుంటాడు. తల్లి లేదు. ఆమెకు కూడా ఇదే జబ్బు.

మొదటి రాత్రి భోజనాల దగ్గర డేవిడ్ అందరికీ కానుకలు ఇస్తాడు. అవి ఎవరినీ మనసులో పెట్టుకుని కొన్నవి కావని వెంటనే తెలిసిపోతుంది. కూతురికి తెచ్చిన చేతి తొడుగులు ఆమె చేతికి సరిపోవు. త్వరలోనే మళ్ళీ ప్రయాణమని చెప్పి అందరినీ నిరుత్సాహపరిచి, పొగాకు తెచ్చుకుంటానని లోపలికి వెళ్ళి కిటికీ ముందు రెండు చేతులూ చాచి శిలువ మీద ఉన్నవాడిలా నిలబడి ఏడుస్తాడు. బయటికి వచ్చేసరికి ముఖం సర్దుకుని ఉంటాడు. తర్వాత పిల్లలు ఆయన కళ్ళకు గంతలు కట్టి తీసుకువెళ్ళి మైనస్ రాసిన చిన్న నాటకం చూపిస్తారు. అందులో ఒక కళాకారుడు చనిపోయిన రాకుమారిని ప్రేమించి, ఆమె వెంట మృత్యువులోకి వస్తానని ప్రమాణం చేస్తాడు. తీరా గడప దగ్గరికి వచ్చాక కాళ్ళు వెనక్కి పడతాయి. పోనీలే, ఈ అనుభవం మీద ఒక కవిత రాయవచ్చు కదా అని తనను తాను సమాధానపరచుకుంటాడు. ఆ కళాకారుడు ఎవరో తండ్రికి అర్థమైంది, అయినా చప్పట్లు కొట్టాడు.

డైరీ సంగతి బయటపడేది ఆ తర్వాత. అంటే కూతురి బాధను సరుకుగా వాడుకునే రచయిత అన్న నేరారోపణను కొడుకు ముందే నాటకంగా ఆడించి చూపించాడు. దర్శకుడు ఆ తండ్రిని వదిలిపెట్టలేదని నేను అనేది అందుకే. చివరి సంభాషణలో ఆయన చెప్పేది ఉపదేశం కాదు, చెప్పడానికి తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క మాట. అది నిజమో కాదో ఆయనకే తెలియదు. అందుకే కొడుకు ఆఖరి మాటలో దేవుడి ఊసు లేదు, ‘నాన్న నాతో మాట్లాడారు’ అని మాత్రమే అంటాడు.

పాతరీలు
నాటకం విషయంలో మూడోవరుస గారు చెప్పినదానికి నాకు అభ్యంతరం లేదు, నిజానికి సినిమాలో నాకు బాగా నచ్చిన భాగం అదే. అయితే ‘నాన్న నాతో మాట్లాడారు’ అన్న మాటే నా ఫిర్యాదును బలపరుస్తోంది. తండ్రీ కొడుకులు ఒకరికొకరు దొరికారు, మంచిదే. అందుకు అయిన ఖర్చు ఎవరిది? కారిన్‌ది. ఆమె ఇల్లు వదిలి వెళ్ళాకే వాళ్ళిద్దరికీ మాటలు వచ్చాయి. డైరీలో తండ్రి ఏ పని చేశాడో సినిమా కూడా చివరికి అదే పని చేసింది.

కృష్ణలంక
పాతరీలు గారి చివరి వాక్యం చదివాక సినిమా మళ్ళీ చూడాలా వద్దా అన్న సందేహంలో పడ్డాను.

వైద్యమిత్ర
నేను మానసిక వైద్యం చేసేవాడిని కనుక జబ్బును చిత్రించిన తీరు గురించి మాత్రమే చెబుతాను. స్కిజోఫ్రీనియాను చూపించిన పాత సినిమాల్లో ఇంత శ్రద్ధగా తీసినవి తక్కువ. కారిన్‌కు గొంతులు వినిపించడం ఒక్కటే కాదు, అవి ఆమెను ఆజ్ఞాపిస్తాయి. తండ్రి బల్ల సొరుగు వెతకమన్నది కూడా ఒక గొంతే. మేడ మీద ఖాళీ గదిలో పెచ్చులు ఊడిన గోడకాగితం వెనక మనుషులు గుమికూడి ఉన్నారని, వాళ్ళంతా దేవుడి రాక కోసం కాచుకుని ఉన్నారని ఆమె పూర్తిగా నమ్ముతుంది. అదే మనిషి మరుక్షణంలో తమ్ముడి చేత లాటిన్ పాఠం చదివిస్తుంది, భర్తతో హాస్యమాడుతుంది. ఈ రాకపోకలను కుటుంబ సభ్యులు గుర్తుపడతారు, సినిమావాళ్ళు సాధారణంగా గుర్తించరు. వాళ్ళకు రోగి ఎప్పుడూ జుట్టు విరబోసుకునే ఉండాలి.

రెండు చోట్ల జాగ్రత్తగా చూడాలి. విద్యుత్ చికిత్స తర్వాత తన వినికిడి పదునెక్కిందని కారిన్ అంటుంది. ఆ చికిత్స వల్ల రోగులు ఎక్కువగా చెప్పే ఇబ్బంది జ్ఞాపకాలు కొంతకాలం చెదరడమే గాని వినికిడి పెరగడం కాదు. రెండోది, ఆ సినిమా చూసి మన ఇళ్ళలో కరెంటు పెట్టించడం అని భయపడే చికిత్స నేడూ అలాగే ఉంటుందని అనుకోకూడదు. మత్తు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా దాన్ని చేయడాన్ని మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. కారిన్ కాలానికి సైకోసిస్ (భ్రమలు, లేని గొంతులు వినిపించడం) మందులు వాడుకలోకి వచ్చి పదేళ్ళు కూడా కాలేదు. వాటిలో మొదటిదైన క్లోర్‌ప్రొమజీన్‌ను మానసిక రోగులకు ఇవ్వడం మొదలైంది 1952లో. కాబట్టి డైరీలో తండ్రి రాసుకున్న నిరాశ ఆ రోజుల్లో చాలామందిలో ఉన్నదే, ఈ రోజు ఎవరూ ఆ వాక్యాన్ని వైద్యుడి మాటగా తీసుకోవద్దు.

ఉప్పుగాలి
వైద్యమిత్ర గారు చెప్పిన ఆ రాకపోకలను నేను మా ఇంట్లో చూశాను. మా మేనత్తకు పెళ్ళయిన కొత్తలో అమ్మవారు తనతో మాట్లాడుతోందని మొదలైంది. ఊరివాళ్ళు పూనకం అనుకున్నారు. శుక్రవారం వచ్చిందంటే పసుపు కుంకుమలతో ఆడవాళ్ళు వచ్చి కూర్చుని, కొడుకు ఉద్యోగం గురించి, తప్పిపోయిన గేదె గురించి అడిగేవారు. అత్తయ్య జవాబు చెప్పేది. కొన్నాళ్ళకు ఆ గొంతు ఆమెను తిట్టడం మొదలుపెట్టింది, తిండి తినవద్దంది, పిల్లను ఎత్తుకోవద్దంది. అప్పుడు అదే ఊరు అది అమ్మవారు కాదు, గాలి సోకిందని తేల్చి భూతవైద్యుడిని పిలిచింది. వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళేసరికి చాలా ఆలస్యమైంది.

సాలెపురుగు దృశ్యం చూసినప్పుడు నాకు అదే గుర్తుకొచ్చింది. వచ్చినది దేవుడే అని కారిన్ చివరి వరకూ అంటుంది. వచ్చినవాడు రాయిలాంటి ముఖంతో, చల్లని కళ్ళతో తన ఒంటి మీదికి పాకాడని, తాను చూసినది దేవుడినే అని చెబుతుంది. మా అత్తయ్య కూడా తిట్టేది అమ్మవారే అని అనేది. దాన్ని దయ్యమని అన్నది మేము.

తెరచాప
ఉప్పుగాలి గారు చెప్పినదానిలో పెద్ద తేడా ఒకటి ఉంది. మన దగ్గర దేవుడు డప్పుల మధ్య, పదిమంది ముందు, వీధిలో ఒంటి మీదికి వస్తాడు. బోనాల్లో రంగం చెప్పే ఆమె మాట వినడానికి సికింద్రాబాద్‌లో జనం తొక్కిసలాడుకుంటారు. కారిన్ దేవుడు మాత్రం ఎవరూ లేని మేడగదిలో గోడకాగితం వెనక నుంచి రావాలి. ఆమె చెప్పేది వినే సమాజం లేదు, ప్రార్థనకు పక్కన మోకరిల్లమంటే భర్త ఆమె కోసం మోకరిల్లుతాడే గాని నమ్మి కాదు. ఆమె జబ్బులో సగం ఆ ఒంటరితనమే అని నాకు అనిపిస్తుంది.

వైద్యమిత్ర
ఒంటరితనం జబ్బును దుర్భరం చేస్తుందంటే ఒప్పుకుంటాను, సగం జబ్బు అదే అంటే ఒప్పుకోను. తల్లికి కూడా ఇదే వ్యాధి ఉందన్న విషయాన్ని సినిమా ఊరికే చెప్పలేదు.

ముక్కుసూటి
తెరచాప గారు పదిమంది చుట్టూ ఉండడాన్ని మందుగా చూపిస్తున్నారు. ఉప్పుగాలి గారి అత్తయ్య చుట్టూ కూడా ఊరంతా ఉంది, ఏమైంది? సత్యజిత్ రే 1960లో తీసిన ‘దేవి’లో మామగారికి కల వచ్చిందని కోడలిని కాళికగా కూర్చోబెట్టి పూజలు చేస్తారు, ఆ పిల్ల మతి చెడడానికి కారణం ఆ భక్తే. తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా మహిమతో నయమవుతుందని తీసుకువచ్చి గొలుసులతో కట్టిపడేసిన రోగుల్లో 28 మంది 2001 ఆగస్టు 6న అగ్నిప్రమాదంలో చనిపోయారు. పారిపోవడానికి కాళ్ళకు వీలు లేకపోయింది. నమ్మే సమాజం ఉన్నంత మాత్రాన రోగికి మేలు జరుగుతుందని అనుకోవడం ప్రమాదం.

తెరచాప
నేను గొలుసులను సమర్థించలేదు. కారిన్ మాట వినేవారు లేరని మాత్రమే అన్నాను, దాని మీద ఇప్పటికీ నిలబడతాను.

సండేస్కూల్
ఎర్వాడి వరకూ వచ్చాం, మళ్ళీ ఆ ద్వీపానికి వెళదామా?

పిన్‌హోల్
వెళదాం. ఆ ద్వీపం పేరు ఫోరో, స్వీడన్‌లోని గోట్‌లాండ్‌కు ఉత్తరాన ఉంటుంది. బెర్గ్‌మన్ మొదట స్కాట్లాండ్ దగ్గరి ఆర్క్నీ దీవుల్లో తీయాలనుకున్నాడు. ఖర్చుకు భయపడి నిర్మాణ సంస్థవాళ్ళు ఫోరో చూడమన్నారు. చివరికి ఆయన అక్కడే ఇల్లు కట్టుకుని, 2007లో అక్కడే కన్నుమూశాడు. నిర్మాతల పొదుపు వల్ల సినిమా చరిత్రకు మేలు జరిగిన అరుదైన సందర్భం ఇది.

నేను చెప్పదలచుకున్నది వెలుతురు సంగతి. ఛాయాగ్రాహకుడు స్వెన్ నీక్విస్ట్. వేసవిలో అక్కడ రాత్రి కూడా పూర్తిగా చీకటి పడదు కనుక మనుషులకు దాక్కునే చోటు ఉండదు. తెల్లవారుజామున కారిన్ మేడ మీది గదికి వెళ్ళే దృశ్యంలో ఆ గోడకాగితం మీది ఆకుల నమూనా పైన వెలుగు కదులుతుంటే, మనకు కూడా అక్కడ ఏదో ఉందేమో అనిపిస్తుంది. భూతద్దంలో పెట్టి చూపే ట్రిక్కు షాట్ ఒక్కటీ లేదు. సంగీతం కూడా జర్మన్ స్వరకర్త బాఖ్ చెల్లో వాయిద్యం కోసం రాసిన రెండో సూట్‌లోని సారబాండ్ అనే నెమ్మదైన భాగం ఒక్కటే, అదీ అక్కడక్కడ. మిగిలినదంతా సముద్రం, పక్షులు, ఓడల బూర.

ఒంటిగంట_ఆట
పొదుపు గురించి పిన్‌హోల్ గారు చెప్పారు కాబట్టి అడుగుతున్నాను. నలుగురు నటులు, ఒక ఇల్లు, ఒకే పాట ముక్క, పైగా ఆస్కార్. ఈ లెక్క మా ఊరి నిర్మాతలకు ఎవరైనా పంపించారా?

పిన్‌హోల్
ఉత్తమ విదేశీ చిత్రంగా వచ్చింది నిజమే. అంతకుముందు ఏడాది కూడా ఆ బహుమతి బెర్గ్‌మన్‌కే, ‘ది వర్జిన్ స్ప్రింగ్’కు.

నిశిరాగం
హెలికాప్టర్ గురించి ఎవరూ మాట్లాడలేదు. కారిన్ దేవుడి కోసం ఎదురుచూస్తున్న గదిలో కిటికీ అవతల ఆమెను తీసుకువెళ్ళే హెలికాప్టర్ పై నుంచి దిగుతూ కనిపిస్తుంది, నల్లగా, కాళ్ళు వేలాడుతున్నట్టు. దాని అదురుకు గోడలోని అల్మారా తలుపు తనంతట తానే తెరుచుకుంటుంది. దేవుడు వచ్చాడని ఆమె అనుకునేది ఆ క్షణంలోనే. మనకు లోపల ఏమీ కనిపించదు, కారిన్‌గా నటించిన హ్యారియెట్ ఆండర్సన్ ముఖం మాత్రమే కనిపిస్తుంది. ఇంజను వల్ల తెరుచుకుందని తెలిసినా ఆ తలుపు వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. నాస్తికుడిని, అయినా చాలలేదు.

కృష్ణలంక
పాడుబడిన ఓడ అడుగున అక్కాతమ్ముళ్ళ మధ్య జరిగినదాన్ని, అంటే సినిమా సూచించే శారీరక కలయికను, ఇక్కడ అందరూ మర్యాదగా దాటేస్తున్నారు. మైనస్ వైపు నుంచి చూస్తే చివరి సంభాషణకు అర్థం మారదా? ఆ కుర్రాడు అపరాధ భావంతో కుంగిపోయి ఉన్నాడు, ఇక ఏదైనా జరగవచ్చు, ఇలాంటి లోకంలో బతకలేను అని తండ్రితో అంటాడు. ఆ మాట అన్న పదిహేడేళ్ళ పిల్లవాడికి ఏదో ఒక పట్టు ఇవ్వడం తండ్రి బాధ్యత. వేదాంతంగా అది బలహీనమైనదే కావచ్చు, కొడుకు ప్రాణానికి కాపలాగా చూడండి.

పాతరీలు
కృష్ణలంక గారి మాట ఇంతవరకు వచ్చిన సమర్థనల్లోకెల్లా నాకు బలంగా తోచింది. స్విట్జర్లాండ్‌లో తాను కారును లోయలోకి నడిపించబోయానని, అది అంచు మీద ఆగిపోయిందని, అప్పుడే ఈ ముగ్గురి మీద ప్రేమ పుట్టిందని తండ్రి పడవలో అల్లుడికి చెప్పిన సంగతి కూడా దీనితో కలుస్తుంది. చావు అంచు చూసినవాడు, అదే అంచు దగ్గరున్న కొడుకుతో మాట్లాడుతున్నాడు. అయినా కారిన్ విషయంలో నా ఫిర్యాదు అలాగే ఉంది.

వెన్నెలకుర్రు
కారిన్ విషయంలో నాది వేరే ఆలోచన. మా అన్నయ్యకు ఈ జబ్బు ఉంది, చాలా ఏళ్ళుగా నేనే చూసుకుంటున్నాను. ఇక్కడ అందరూ ఆమెను తీసుకువెళ్ళారు, పంపించారు అని రాస్తున్నారు. ఆ మేడగదిలో భయంతో పెనుగులాడినప్పుడు సూది వేసి పట్టుకున్నారు, నిజమే. అయితే ఆసుపత్రికి వెళ్ళాలన్న నిర్ణయం అంతకుముందే ఆమె నోటి నుంచి వచ్చింది. రెండు లోకాల మధ్య ఇలా తిరుగుతూ ఉండలేను, ఏదో ఒకటి ఎంచుకోవాలి, మళ్ళీ ఆ విద్యుత్ చికిత్స వద్దు, అక్కడే ఉండిపోతాను అని తండ్రికి తెలివిగా ఉన్నప్పుడే చెప్పింది. బయలుదేరే ముందు వెలుతురుకు కళ్ళు నొప్పి పెడుతున్నాయని నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తన కాళ్ళ మీద తాను నడిచి వెళుతుంది. మా అన్నయ్య కూడా ఒకసారి, నన్ను చేర్పించు, నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో చూసుకో అన్నాడు. ఆసుపత్రి పేరు ఎత్తగానే అది వెలి అని అనుకునేవారు రోగిని అడగడం మరచిపోతారు.

ముక్కుసూటి
వెన్నెలకుర్రు గారి మాటతో ఏకీభవిస్తూనే ఒకటి అడుగుతాను. ఇక ఎప్పటికీ అక్కడే ఉంటానని ఒక ఇరవై చిల్లర ఏళ్ళ అమ్మాయి అనడం నిజంగా ఎంపికేనా? తండ్రి డైరీలో తన జబ్బు నయం కాదని చదివిన తర్వాతే ఆ మాట అన్నది కదా.

వెన్నెలకుర్రు
ఆ డైరీ ఆమె మీద వేసిన దెబ్బను నేను తక్కువ చేయడం లేదు. దెబ్బ తిన్న మనిషి చేసిన నిర్ణయం కూడా ఆ మనిషి నిర్ణయమే అని అంటున్నాను.

నల్లమల
ఈ మధ్యలో నేను సినిమా చూసేశాను, తొంభై నిమిషాలకు కాస్త తక్కువే. మీ అందరి వాదన తండ్రి చుట్టూనే తిరుగుతోంది గాని నన్ను ఎక్కువగా కలవరపెట్టినది భర్త మార్టిన్. అతను తప్పు చేసిన చోటు ఒక్కటీ కనిపించదు. భార్యను ప్రేమిస్తాడు, ఓపికగా చూసుకుంటాడు, మామగారి డైరీ సంగతి తెలిసినప్పుడు పడవలో ఆయనను నిలదీసి కడిగేస్తాడు. అప్పుడు మామగారు, కారిన్ చనిపోతే బాగుండునని నీకెప్పుడూ అనిపించలేదా అని అడిగితే తీవ్రంగా కాదంటాడు. ఇంత మంచివాడి పక్కన కూడా కారిన్‌కు ఊపిరి ఆడదు. నువ్వు ఎప్పుడూ సరైన మాటే అంటావు, సరైన పనే చేస్తావు, అయినా అది తప్పుగా ఉంటుంది అని ఆమె అతనితో అంటుంది. దానికి అతని దగ్గర జవాబు లేదు, దర్శకుడు కూడా అతనికి ఏ జవాబూ రాసి ఇవ్వలేదు. తండ్రికి ప్రేమ గురించి చెప్పుకోవడానికి కొడుకైనా మిగిలాడు. మార్టిన్ ఆమె వెంట హెలికాప్టర్ ఎక్కి వెళ్ళిపోతాడు, ఆ తర్వాత అతని పేరు కూడా ఎవరూ ఎత్తరు. ఈ చర్చలో కూడా కథ చెప్పినప్పుడు తప్ప ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు.